పన్ను లేని చోట

జూలై 2

అత్తకి,

ఇక్కడ నాకేం కాలేదు, అక్కడ నీకేం కాలేదనే నమ్మకంతో రాస్తున్నాను. ఉత్తరం రాసి రెండు నెలలైంది, తిట్టుకుంటూనే ఉంటావు. తిట్టుకో, కానీ ఈ కాగితం చివరిదాకా చదువు. నీతో పని పడింది.

నేనేం చదువుతున్నానని మీ బైండింగు షాపులో అందరూ అడుగుతున్నారన్నావు కదా, వ్యాయామ శాస్త్రం అని చెప్పు. "డ్రిల్లు టీచరా" అంటాడు మీ ఫోర్‌మన్, అననీ. ఎవరి గుండె ఎంత పని తట్టుకుంటుందో, ఎవరికి ఎంత నడక చాలో, ఏం తినాలో, ఎన్ని గంటలు పడుకోవాలో కొలిచి చెప్పే చదువు ఇది. ఈ ఏడాది మాకొక పెద్ద పని ఇచ్చారు. బంధువుల్లోనో తెలిసినవాళ్ళలోనో వ్యాయామం అలవాటు లేని పెద్దవాళ్ళని ఒకరిని ఎంచుకుని పన్నెండు వారాలు వాళ్ళచేత వ్యాయామం చేయించాలి. వారం వారం నాడి లెక్క తెప్పించుకుని గ్రాఫు గియ్యాలి. సగం మార్కులు దీనికే. పోయినేడు ఇందులోనే ఇద్దరు తప్పారు.

ఏడేళ్ళ పిల్లగా నీ ఇంటికొచ్చాను. నాకు బంధువులన్నా, పెద్దవాళ్ళన్నా నువ్వొక్కదానివే. అందుకని నీ పేరే ఇచ్చేశాను. నీ ఆరోగ్యం గురించి ఒక ఫారం ఉంటే అది కూడా నింపేశాను, దాని సంగతి నీకక్కర్లేదు.

నువ్వు చెయ్యాల్సింది ఇంతే. షాపు మూడో అంతస్తు, మెట్లు యాభై నాలుగు. రోజూ పొద్దున్న ఆగకుండా ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కు. పైకి చేరగానే మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించు. శనివారం శనివారం చార్టు పోస్టు చెయ్యి, నేనూ వెంటనే జవాబు రాస్తాను. సాకులు చెప్పావో, ఊరుకోను.

నీ పిచిక

జూలై 14

పిచికమ్మకి,

నీ ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది. అంత లావు కవరు చూసి ఇన్నాళ్ళ కబుర్లూ రాశావనుకున్నాను. తీరా విప్పితే గళ్ళ కాగితాలు. సరే, అవైనా నీ చేత్తో గీసినవే కదా, స్కేలు జారిన చోటు కూడా కనిపిస్తోంది.

సోమవారం మొదలుపెట్టాను. ఫోర్‌మన్ గడియారం పట్టుకుని పైన నిలబడ్డాడు. కుట్టుపని అమ్మాయిలు దబ్బనాలు వదిలేసి తమాషా చూడ్డానికొచ్చారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మెట్లెక్కుతున్నానా, ఎప్పుడూ ఎవరూ చూడలేదు, ఇప్పుడేమో పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశారు. రెండోసారి పైకొచ్చేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంది. నిజం చెప్పాలంటే భయమేసింది. యాభై ఒక్కేళ్ళలో నా గుండె చప్పుడు నేనెప్పుడూ వినలేదే. అలాగే కొట్టుకోవాలా, లేక ఏదన్నా తేడానా? నాడి నూట ముప్ఫై రెండు.

ఇక్కడ ఒక పెద్ద నిఘంటువు పని వచ్చింది, నాలుగొందల కాపీలు, గుడ్డ అట్ట. జిగురు వాసన జుట్టుకి పట్టేసింది. నువ్వు చిన్నప్పుడు ఆ వాసన పీలుస్తూ నా ఒళ్ళో నిద్రపోయేదానివి.

హాస్టల్లో కిటికీ పక్క మంచం మార్చుకున్నావా? చలిగాలి పడదు నీకు. ఆ సంగతి రాయి.

అత్త

జూలై 30

అత్తకి,

గుండె అలాగే కొట్టుకోవాలి, భయపడకు. మూడు వారాల్లో నూట ముప్ఫై రెండు నుంచి నూట ఇరవై రెండుకి వచ్చింది. మా మేడమ్ నా గ్రాఫు చూసి తలాడించింది. ఆవిడ తలాడించడమే గొప్ప ఇక్కడ. నా రూమ్మేటు వాళ్ళ మావయ్య రెండో వారంలోనే చేతులెత్తేశాడు, ఆ పిల్ల ఏడుస్తోంది.

ఇక మూడుసార్లు ఎక్కు. ఆగకూడదు. ఆగితే లెక్క చెడిపోతుంది.

మంచం మార్చుకోలేదు. కుదరలేదు.

పిచిక

ఆగస్టు 4

పిచికకి,

చార్టు పెట్టాను. నూట ఇరవై. మూడుసార్లూ ఎక్కాను.

ఒక్క చిక్కు వచ్చింది. పంటి నొప్పి. ఎడమ పక్క కింది దవడ. మామూలుగా ఉండదు, నమిలినా ఉండదు. రెండోసారి ఎక్కుతుంటే రెండో అంతస్తు మలుపు దగ్గర మొదలవుతుంది. దవడంతా బిగపట్టేసి, చెవి దాకా లాగుతుంది. మలుపులో కిటికీ గట్టు మీద కూర్చుంటే పోతుంది. వింత పన్ను. కుట్టుపని అమ్మాయిలకి చెబితే "పన్నుకి కూడా మెట్లెక్కడం ఇష్టం లేదేమో" అని పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ కిటికీ దగ్గర ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు నవ్వు రాలేదు. చెమటలు పట్టేశాయి. ఎందుకో నాకే తెలియలేదు.

ఒక వారం ఆపి చూడనా? నువ్వు సరేనంటేనే.

అత్త

ఆగస్టు 8

అత్తకి,

పంటి నొప్పికి మెట్లు ఆపడమేమిటి? పంటితో ఎక్కుతున్నావా? నువ్వు నాకు చిన్నప్పుడు చెప్పిన మాటే ఇప్పుడు నేను చెబుతున్నాను, బడికి వెళ్ళే వేళకే వచ్చే కడుపునొప్పిని ఎవరూ నమ్మరు. కూర్చుంటే పోతోందంటే దాని అర్థం ఏమిటో నువ్వే ఆలోచించు.

ఒక వారం ఆపితే గ్రాఫులో గొయ్యి పడుతుంది. ఆ గొయ్యికి నేను జవాబు చెప్పుకోవాలి. ఈ పరీక్ష తప్పితే ఏడాదంతా పోతుంది, నాకు అన్నం సయించడం లేదు. నీ వల్ల కాకపోతే మొహమాటం లేకుండా చెప్పు. నా రూమ్మేటు వాళ్ళ అమ్మ నాకు చేసిపెడతానంటోంది. ఆవిడ ఈ ఊళ్ళోనే ఉంటుంది, ఉత్తరాలు రాసే పని కూడా తప్పుతుంది. నీకూ సుఖం, నాకూ సుఖం.

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు.

పిచిక

ఆగస్టు 13

పిచికకి,

ఎవరినీ అడగొద్దు. నేనే చేస్తాను. నా వల్ల కాదని ఎవరన్నారు?

శనివారం పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అద్దం పెట్టి చూసి, పన్ను చూడ్డానికి బాగానే ఉందే అన్నాడు. నొప్పి ఎప్పుడు వస్తుందని అడిగాడు. మెట్లెక్కితే అంటే నవ్విపోతాడని, ఎప్పుడూ వస్తోందని చెప్పేశాను. అయినా కాస్త కదులుతోంది, తీసేస్తే పీడ పోతుందన్నాడు. తీయించేశాను. కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. గట్టి పన్నే, పాపం.

చార్టులో చూడు, నూట పన్నెండు. మూడుసార్లు, ఆగకుండా. ఇక నీ గ్రాఫులో గొయ్యి పడదు. ఆవిణ్ణి, ఆ రూమ్మేటు వాళ్ళమ్మని, శ్రమ పెట్టకు.

అత్త

ఆగస్టు 20

బంగారు అత్తకి,

నా గ్రాఫుని క్లాసు గోడ మీద అంటించారు! కింద నీ వయసు, నీ పని రాశారు. మేడమ్ అందరికీ చూపించి, యాభై దాటిన మనిషి గుండె కూడా ఇంతలా నేర్చుకుంటుందని చెప్పింది. నాకు గాల్లో తేలినట్టుంది. మొన్న అన్న మాటలు మనసులో పెట్టుకోకు, భయంలో ఏదో అనేశాను.

ఇంక సంగతి విను. ఎనిమిదో వారం చివర అందరికీ ఒక పరీక్ష ఉంటుంది. నీ నాడి ఇంత చక్కగా దిగింది కాబట్టి నీకు ఐదుసార్లు పెట్టాను. సెప్టెంబరు ఒకటి, శనివారం సాయంత్రం. ఐదుసార్లు ఆగకుండా. అప్పటిదాకా రోజూ నాలుగు.

పన్ను పోయిన చోట ఉప్పునీళ్ళు పుక్కిలించు.

నీ పిచిక

ఆగస్టు 27

పిచికకి,

నూట ఎనిమిది, నూట నాలుగు. రెండు వారాల చార్టులూ కలిపి పెట్టాను.

ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాను. గాయం మానిపోయింది, చిగురు నున్నగా ఉంది. కానీ ఒకటి చెప్పనా, నువ్వు నవ్వకూడదు. పన్ను పోయినా నొప్పి పోలేదు. అదే చోట, పన్ను లేని చోట వస్తోంది. నాలుక పెట్టి చూస్తే అక్కడేమీ లేదు, ఖాళీ. ఆ ఖాళీయే నొప్పెడుతుంది. ఇదివరకు మెట్ల మీదే, ఇప్పుడు బరువు అట్టలు ఎత్తినా వస్తోంది. నిన్న దువ్వుకుంటుంటే వచ్చింది. డాక్టరు పక్క పన్ను పీకాడేమోనని అద్దంలో చూసుకుని పళ్ళు లెక్కపెట్టుకున్నాను. పిచ్చెక్కుతోందేమో నాకు.

శనివారం ఐదుసార్లూ ఎక్కుతాను, ఆ బెంగ నువ్వు పెట్టుకోకు. గోడ మీద కాగితాన్ని ఎవరూ తియ్యకుండా చూసుకుంటాను. నీ ఫొటో ఒకటి పంపుతావా, ఆ గ్రాఫు పక్కన నిలబడి?

అత్త

ఆగస్టు 30, పోస్టాఫీసు కౌంటరు దగ్గర

అత్తా,

ఎక్కకు. ఈ ఉత్తరం నీ చేతికి వచ్చిన చోటే ఆగిపో. శనివారం ఎక్కకు, అసలు ఎప్పుడూ ఎక్కకు, ఇకమీద షాపుకి కూడా వెళ్ళకు.

ఇవాళ పొద్దున్న క్లాసులో గుండె జబ్బు గుర్తులు చెప్పారు. ఛాతీ నొప్పి అందరికీ రాదట, ఆడవాళ్ళలో చాలామందికి వేరే చోట వస్తుందట. వీపులో, మెడలో, దవడలో. శ్రమ పడితే వచ్చి కూర్చుంటే పోతుంది అంది మేడమ్. బోర్డు మీద దవడ అని రాసింది. కూర్చుంటే పోతోందని నువ్వు ఆగస్టు నాలుగునే రాశావు. నేను బడి కడుపునొప్పి అన్నాను. హాస్టలుకి పరిగెత్తుకొచ్చేసరికి నీ ఉత్తరం వచ్చి ఉంది, పన్ను లేని చోట అని.

అది పన్ను కాదత్తా. అది గుండె.

షాపుకి ఫోన్ చేశాను, పదకొండుసార్లు. లైను పాడైందని ఎక్స్ఛేంజి వాళ్ళు చెప్పారు. ఈ సాయంత్రం టపా బండిలో నాకు చోటు దొరకలేదు, ఉత్తరం మాత్రం షాపు అడ్రసుకే వెళుతుంది, శనివారానికి చేరుతుందని కౌంటరాయన ఒట్టేసి చెప్పాడు. నేను రేపటి బండి ఎక్కి ఆదివారానికి వస్తాను. ఫోర్‌మన్ గారికి ఈ ఉత్తరం చూపించు. ఆయనే నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నడిపించకూడదు, మోసుకెళ్ళాలి.

నిలబడే హడావిడిగా రాస్తున్నాను, అక్షరాలు సరిగ్గా రావడం లేదు. చదవలేకపోతే మొదటి మాట ఒక్కటి చదివితే చాలు.

పిచిక

సెప్టెంబరు 11

అత్తకి,

హాస్టలుకి చేరాను. నిన్ను ఇంట్లో దింపి, పక్కింటావిడకి మందులన్నీ అప్పజెప్పి బయల్దేరినా, బండి కదిలినప్పటినుంచి నువ్వు బాత్‌రూములో పడిపోయినట్టే అనిపిస్తోంది. ఇక్కడ మెట్లెక్కుతూ నా నాడి నేనే పట్టుకుంటున్నాను. రోడ్డు మీద ఎవరైనా ముసలాయన వడివడిగా నడుస్తుంటే వెళ్ళి ఆపాలనిపిస్తోంది.

అక్కడున్న వారం రోజులూ నీ ఎదురుగా చెప్పలేకపోయిన మాట ఒకటుంది. మొదట్లో ఒక ఫారం అన్నానే, దాని సంగతి నీకక్కర్లేదని. అందులో పన్నెండు ప్రశ్నలు. నిన్ను అడిగి, నీ జవాబులు రాసి, నీచేత సంతకం పెట్టించాలి. ఆఖరి తేదీ మర్నాడే. నేను మంచం మీద కూర్చుని పన్నెండింటికీ 'లేదు' అని టిక్కులు పెట్టుకుంటూ పోయాను, సంతకం కూడా నేనే పెట్టాను. అర నిమిషం పట్టింది. ఏడో ప్రశ్న, బరువు ఎత్తినా మెట్లెక్కినా ఛాతీలో గానీ, చేతిలో గానీ, మెడలో గానీ, దవడలో గానీ నొప్పి వస్తుందా అని. తొమ్మిదో ప్రశ్న, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా అని. నీ తోడబుట్టిన మా నాన్న నలభై ఒక్కేళ్ళకి పని చేసే చోటే కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడని తెలిసి కూడా నేను లేదు అని టిక్కు పెట్టాను. చదవలేదు కాబట్టి పెట్టాను. చదివి ఉంటే ఆ రోజే నిన్ను డాక్టరు దగ్గరికి పంపేవాళ్ళు.

మేడమ్‌కి అంతా చెప్పేశాను. కేకలేస్తుందనుకున్నాను. లేచి వెళ్ళి గోడ మీది గ్రాఫు తనే విప్పి, మడిచి, నా చేతికిచ్చింది. అంతే. దానికన్నా కేకలే నయం.

నేను ఈ చదువు మానేస్తానత్తా. నాకు భయమేస్తోంది. రేపు ఎవరికైనా నడవండి అని చెప్పాలంటే నా నోరు రాదు. రోజుకి ఎంత నడవాలో నీ డాక్టర్ని అడుగు, నన్ను అడగొద్దు. నేను చెబితే నువ్వు చేసేస్తావు. పీక మీదికొచ్చినా చేసేస్తావు. నాకు అన్నిటికన్నా భయం అదే.

నీ పిచిక

సెప్టెంబరు 16

నా పిచికకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బాత్‌రూములో పడలేదు, తలుపు గడియ మాత్రం పెట్టుకోవడం లేదు. పక్కింటావిడ బయట నిలబడి కబుర్లు చెబుతుంది, నేను లోపల్నుంచి ఊఁ కొడతాను. ఊఁ ఆగితే లోపలికి రమ్మని మా ఒప్పందం. నిన్న సబ్బు కళ్ళల్లో పడి ఊఁ కొట్టడం మర్చిపోతే ఆవిడ తలుపు తోసుకుని వచ్చేసింది. ఇద్దరం సిగ్గుతో చచ్చాం.

గుండె గొట్టంలోకి తీగ పంపి తెరిచారని అందరూ తేలిగ్గా చెప్పేస్తున్నారు. నాకు మాత్రం మంచం దిగితే అది మళ్ళీ మూసుకుంటుందేమోనని ఉంది. డాక్టరు గుమ్మందాకా నడవమన్నాడు, తర్వాత వీధి చివరిదాకా. నేను గుమ్మం దగ్గర నిలబడి నాలుక పెట్టి ఆ ఖాళీని తడుముకుంటున్నాను, నొప్పి వస్తోందా అని. రావడం లేదు. అయినా కాలు బయట పెట్టలేకపోతున్నాను.

నువ్వొక్కదానివే తప్పు చేశావనుకోకు. నాదీ విను. నీ ఎదురుగా నాకూ నోరు రాలేదు.

ఐదో వారం నుంచి ఆ చార్టులన్నీ నేను కల్పించినవే. నూట పన్నెండూ లేదు, నూట నాలుగూ లేదు. రెండోసారికే కిటికీ గట్టు మీద కూలబడేదాన్ని. దవడ పట్టుకుని, కళ్ళు మూసుకుని, నొప్పి పోయేదాకా కూర్చునేదాన్ని. తర్వాత పైకి వెళ్ళి, పోయిన వారం కన్నా నాలుగో ఎనిమిదో తక్కువ వేసి రాసేదాన్ని. అవి చూసే నువ్వు మెట్లు పెంచావు. నువ్వు రాసిందే నేను చేశాను, నేను రాసిందే నువ్వు నమ్మావు. ఆ శనివారం కూడా నీ ఉత్తరం అందేసరికి మూడోసారి ఎక్కుతూ గట్టు మీదే ఉన్నాను. పోస్టాయన అక్కడే చేతికిచ్చాడు. 'ఎక్కకు' అన్న మాట ఒక్కటే చదివాను, ఇంక లేవలేదు. ఫోర్‌మన్, కుట్టుపని అమ్మాయిలు కాగితం రీములు మోసే బల్ల తెచ్చి దాని మీద దింపారు. ఇంకో ఉత్తరమైతే లేచి ఎక్కేసేదాన్ని. అది నీ ఉత్తరం కాబట్టి ఆగాను.

చదువు మానకు. ఇకమీద ఏ మనిషైనా పంటి నొప్పి అంటే నువ్వు వదిలిపెడతావా? ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏడో ప్రశ్న ఏడుసార్లు అడుగుతావు. నీ క్లాసులో అంత భయపడ్డవాళ్ళు ఇంకెవరున్నారు? భయం తెలిసినవాళ్ళే నడిపించాలి మా లాంటి వాళ్ళని.

ఇక అసలు మాట. నీ మార్కుల కోసమే నేను నొప్పి ఓర్చుకున్నానని ఆస్పత్రిలో నర్సుతో అన్నావు, విన్నాను. మార్కుల కోసం కాదు తల్లీ. ఆ గళ్ళ కాగితాలు రాకముందు నువ్వు రెండు నెలలకొక ఉత్తరం రాసేదానివి. అవి వచ్చాక పది రోజులకొకటి వచ్చింది. ఒక వారం ఆపుతానంటే, రూమ్మేటు వాళ్ళమ్మని పెట్టుకుంటే ఉత్తరాలు రాసే పని తప్పుతుందని నువ్వే రాశావు. అది చదివిన రోజున నాకు వేసిన భయం ముందు దవడ నొప్పి ఒక లెక్కలోది కాదు. పన్నుదేముంది, ఇంకో రెండు పీకమన్నా పీకించుకునేదాన్ని.

ఇప్పుడు చార్టు లేదు, పరీక్ష లేదు. నా గుండె కూడా బాగుపడిందంటున్నారు. నువ్వు నాకు ఉత్తరం రాయాల్సిన కారణం ఒక్కటీ మిగల్లేదు. పోస్టాయన వచ్చే వేళకి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను, నాకిప్పుడున్న భయమల్లా అదొక్కటే.

అత్త